ఇంకా నెమ్మదిగా

లూబ్లిన్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
మెట్ల కింద నా గది, కాలిబాట ఎత్తున కిటికీ.
తలుపు మీద బోర్డు లేదు.
పాత ఆటలు ఆడించేవాడు ఇక్కడుంటాడని
తెలిసినవాళ్ళకు తెలుసు.

గ్రాజినా గారు ముప్పయ్యొక్కేళ్ళు ట్రాలీబస్సు నడిపారు.
సంచిలోంచి కవరు, కవరులోంచి రుమాలు,
రుమాలులోంచి నాలుగు ఫ్లాపీలు.
"మూడోదానికి బూజు పట్టింది, తిట్టకండి."

తిట్టలేదు. దూది, స్పిరిటు, ఊపిరి బిగబట్టడం.
పాత డ్రైవు గరగరలాడింది
గొంతు సవరించుకునే ముసలి గుమస్తాలా.
పదిహేడోసారికి
మూడోది కూడా నోరు విప్పింది.

ఆట పేరు రేవు.
ఒక నది, ఒక పడవ, ఒక పడవవాడు.
ఒడ్డున ఎదురుచూసే జనం:
బాతులతో ఒకామె, పియానో మోస్తూ ఇద్దరు,
ఆలస్యమైపోయిన పెళ్ళికొడుకు.
దాటించాలి. అంతే ఆట.

నా కొత్త కంప్యూటర్లో మీట నొక్కాను.
రెప్పపాటు.
ఎవరూ ఎక్కకుండానే పడవ నలభైసార్లు వెళ్ళొచ్చింది,
నది గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టింది,
పెళ్ళికొడుకు అలిగి వెళ్ళిపోయాడు,
తెర మీద: నీ ఉద్యోగం పోయింది.

ఆవిడ నావైపు చూశారు
ఎర్రలైటు దాటిన కుర్రాణ్ణి చూసినట్టు.

తప్పు ఆటది కాదండీ అన్నాను.
రాసినవాడు కాలాన్ని గడియారంతో కొలవలేదు,
యంత్రం ఆయాసంతో కొలిచాడు.
వెయ్యి లెక్కపెట్టు, అప్పుడు తెడ్డు వెయ్యి అన్నాడు.
ఆ రోజుల్లో వెయ్యి అంటే కొంచెం సేపు.
ఇప్పటిది, వాడి మాట పూర్తికాకముందే
కోటి లెక్కపెట్టి గోళ్ళు గిల్లుకుంటుంది.

అందుకని దీని కడుపులో
లేని యంత్రాన్నొకదాన్ని కల్పించి
ముక్కుతాడు వేసి కూర్చోబెట్టాలి.
నా బతుకుతెరువు అదే:
పండితుడిచేత ఓనమాలు దిద్దించడం.

తొమ్మిదైంది. పడవ పడవలా కదిలింది.
బాతులామెను నేనే దాటించాను.
తెర ఆగి అడిగింది:
పదకొండో పేజీ, నాలుగో వరుస, మూడో మాట?
పుస్తకం ఉన్నవాడు దొర, లేనివాడు దొంగ.
అప్పటి తాళాలు అలా ఉండేవి.

"పుస్తకం మాకెప్పుడూ లేదు.
డిపోలో మెకానిక్కు ఎడ్మండ్ ఒక్క రాత్రికి ఇచ్చాడు.
తెల్లారి నాలుగింటికి డ్యూటీ.
టికెట్ల లెక్కపుస్తకం వెనక మొత్తం ఎక్కించుకున్నా.
ఇంగ్లీషు రాదు. ఒక్కో అక్షరం బొమ్మ వేసినట్టు వేశా."

ఆ లెక్కపుస్తకం?
"ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. జరగండి."

జరిగాను. ఆవిడ చూపు కిటికీ మీద.
వేళ్ళు వెతక్కుండా మూడు మీటలు నొక్కాయి.
తలుపు తీసుకుంది.

"ఇంతకీ ఆ మాటకర్థం ఏమిటి?"
తెడ్డు, అన్నాను.
"తెడ్డా!
ఇన్నేళ్ళూ ఏదో బూతనుకున్నా."

తర్వాత పియానో ఎక్కించి, సగం నదిలో ఆగి,
తగ్గించండి అన్నారు.
తగ్గించాను. ఇంకా.
తగ్గించాను. ఇంకా.
ఇదే సరైన వేగమండీ, పెట్టె మీద రాసుంటుంది, అన్నాను.

"మాది ఊరందరికంటే పాత యంత్రం, విటోల్డ్ గారూ.
ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నాం.
పెట్టె మీదున్న వేగం
మా ఇంటిదాకా రాలేదు."

సగానికి సగం చేశాను. దానికీ సగం.
ఒడ్డు వదలడానికి ఒక మాట పట్టింది,
నడినదికి ఒక గుక్క టీ.
నీళ్ళు ఒక్కో చుక్కా ఆలోచించుకుని కదులుతున్నాయి.
పియానో మోసేవాళ్ళలో ఒకడు
కాలు మార్చి నిలబడటం
నేనిన్నాళ్ళూ ఎప్పుడూ చూడలేదు.

"ఇదీ" అన్నారు.

శబ్దం మాత్రం రప్పించలేకపోయానని నసిగాను.
"అప్పుడూ రాలేదు. స్పీకరు కొనలేదు."

బయట ఠప్పున చప్పుడు. తీగ మీంచి కడ్డీ జారి
ట్రాలీబస్సొకటి నడివీధిలో ఆగిపోయింది.
ఎవరో దిగి, మంచులో తాడు పట్టుకుని తంటాలు పడుతున్నారు.

గ్రాజినా గారు తెరమీంచి తల తిప్పలేదు.
"కొత్తవాడు. మలుపులో తొందరపడ్డాడు," అన్నారు,
తెడ్డు వేస్తూ.