కడగడం

జియాగూడ మండిలో తెల్లారకముందే
నల్లా కింద బోటి కడిగే చేతులు.
ఇవాళ ఉస్మానియాలో, ఎండోస్కోపీ బల్ల మీద
దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాయి.

"రాత్రి నుంచి ఏం తినలేదు గదా?"
"తినలే. పొద్దుగాల గింత చాయ్."
"అమ్మా!"
"చాయ్ తిండేందే? నీళ్ళే గదా."
డాక్టర్ తస్నీమ్ మాస్కు వెనక నవ్వింది.
పాలు కలిసిన ఆ నీళ్ళ కోసం
ఇంకో ఆరుగంటలు ఆగాం.

గొంతులో మందు కొట్టాను.
"లవంగం నమిలినట్టుంది" అంది రుక్కుబాయి, మా అమ్మ.
పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు.
పన్నెండేళ్ళుగా ఎందరికో పెట్టాను,
ఇవాళే రెండుసార్లు జారింది.

మింగు. మింగమ్మా. ఇంకొక్కసారి.

నాలుక వెనక రెండు దారులు,
ఊపిరిదొకటి, అన్నానిదొకటి.
ముద్ద వస్తే ఊపిరి తలుపేసుకుని నిలబడుతుంది,
మా గల్లీలో ఎదురొచ్చిన ఆటోకి
ఇంకో ఆటో గోడకానుకుని దారిచ్చినట్టు.

ఆ తర్వాత గులాబిరంగు సొరంగం,
జానెడు మీద రెండు వేళ్ళు.
ముద్ద అందులో పడిపోదు.
వెనక బిగిసి, ముందు వదులై
కండరాలు ఒకదానికొకటి అందించుకుంటాయి,
స్లాబు పోసేనాడు కూలీలు తట్టలు అందించినట్టు.
తలకిందులుగా వేలాడినా
మింగింది కడుపుకే చేరుతుంది.

"మేకకు నాలుగు సంచులు బిడ్డా, మనకొకటే.
మనకు నెమరేసేటందుకు లేదు,
నోట్లున్నప్పుడే మంచిగ నములు."
ఇది అమ్మ చెప్పిన మొదటి పాఠం.
ఆ ఒక్క సంచి ఇప్పుడు తెర మీద,
తడిగా, ముడతలుగా, మెల్లగా కదులుతూ.
మాంసాన్ని కరిగించే పులుపు పక్కనే పడుకుని
తాను కరగకుండా
గోడకు జిగురు పూసుకుంటూ ఉంటుంది.

పూత లేచిపోయినచోట
పావలా బిళ్ళంత తెల్లటి పుండు, చుట్టూ ఎరుపు.
భుజం నొప్పికి ఖాళీ కడుపున మింగిన గోలీలు.
పది రోజుల నల్లటి విరేచనం
ఎవరికీ చెప్పలేదు.
ఎవరి పేగులో ఏముందో తేల్చే మనిషి.

కడుపు చివర ఒక గుండ్రటి ద్వారం,
రేషన్ షాపు కిటికీలాంటిది,
ఎంత తోసుకున్నా కొంచెం కొంచెమే వదులుతుంది.
దాటగానే పసుపుపచ్చగా మెరిసింది పసరు.
కార్జం నుంచి పసరుతిత్తి కోసేటప్పుడు
అమ్మ ఊపిరి బిగబట్టేది.
చిట్లితే అంతా చేదు, గిరాకీ వాపసు.
కొవ్వును విడగొట్టేది ఆ చేదేనని
నేను కాలేజీలో చదివి వచ్చి చెబితే
"మరి పారేస్తున్నం గదనే" అని బాధపడింది.

మా గొట్టం ఇక్కడే ఆగుతుంది.
ముందున్న ఇరవై అడుగుల చిన్నపేగు తెర మీద కనబడదు.
కానీ నాకు తెలుసు.
టబ్బు పక్కన పీట మీద కూర్చుని
పుల్లతో పేగును తిరగేసేది అమ్మ,
లోపలి మెత్తదనం బయటికొచ్చేది.
"తువ్వాల లెక్క. తాగుతది" అనేది.
అన్నం నెత్తురయ్యే చోటు
నా వేళ్ళకి అలా తెలిసింది.
ఇంటర్ పరీక్షలో ఆ మెలికలన్నీ
ఒక్కటీ చెరపకుండా గీశాను.
ఆ రోజుల్లోనే
అమ్మ చేతుల వాసన వస్తుందని
టిఫిన్ డబ్బా క్లాసులో తెరిచేదాన్ని కాదు.

చివర పెద్దపేగు,
నల్లా వచ్చిన రోజు మా బస్తీలాంటిది,
చుక్క పోనివ్వదు, పిండి దాచుకుంటుంది.
మిగిలింది మూసీకి.

గొట్టం బయటికొచ్చింది.
అమ్మ మూతి తుడుచుకుంది.
"ఎట్లుంది లోపట? సాఫ్ ఉందా?"
"చిన్న పుండు. మందులకు మానుతది."
"మీరేమన్న కడిగిండ్రా?"
"లేదమ్మా, చూసినం అంతే."

అప్పుడు గదిలో అందరికీ వినబడేలా
గుర్రుమంది అమ్మ కడుపు.
సిగ్గుపడి దుప్పటి పైకి లాక్కుంది.
అది ఆకలి ఒక్కటే కాదు.
తినడానికేం లేని వేళ
పేగు తనను తాను
ఈ కొస నుంచి ఆ కొసకు
ఊడ్చుకునే చప్పుడది.