చెయ్యి బరువు తీసేసి

రిజిస్టరు ఇప్పుడు నా దగ్గరుంది, దాలినాయుడు గారూ.
నీలం అట్ట. మూలలు ఉప్పుగాలికి ఉబ్బిపోయాయి.
ఆరు గడులు మీరే స్కేలు పెట్టి గీసినవి:
తేదీ, గాలి, పోటు, ఎర, చేప, మనిషి.
అంచున సన్నగా ఏడోది,
దానికి మీరు పేరు పెట్టలేదు.
అందులో చాలాచోట్ల ఒకటే మాట: "వదిలేశాం."

ఆదివారం తెల్లారగట్ల
మల్కాపురం నుంచి తొలి బస్సులో
మీకంటే పొడుగైన వెదురుకర్రతో దిగేవారు.
కండక్టరు దానికీ టిక్కెట్టు తీయమంటే
"అది స్టూడెంటు బావూ, పాసుంది" అనేవారట.
ఆ హాస్యం మా దాకా ఎప్పుడూ రాలేదు.
మా దగ్గరికొచ్చేసరికి
మీ మొహం సముద్రం వైపు తిరిగిపోయి ఉండేది.

జోడుగుళ్ళపాలెంలో ఎవరి రాయి వాళ్ళది.
మీది చిట్టచివర,
అల వెనక్కి తీసినప్పుడే కనబడే నల్లరాయి.
షిప్‌యార్డులో ముప్ఫై ఒక్కేళ్ళు వెల్డింగు చేసిన చేతులు,
మోచేతి దాకా రవ్వల మచ్చలు.
తంగూసు ముడి బిగించే ముందు ఉమ్మితో తడిపేవారు.
"పొడిగా లాగితే కాలిపోతాది,
ఇనుముకన్నా తొందరగా."

మా గొప్పలు మీ ముందు నిలిచేవి కావు.
ఒకసారి నా గాలానికి పడ్డ పారని
రెండు చేతులా పైకెత్తి నాలుగు కిలోలన్నాను.
మీరు జేబులోంచి స్ప్రింగు కాటా తీసి, తగిలించి,
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి,
"నీ చెయ్యి బరువు తీసెయ్ ఉమాపతీ. రెండూ ముప్పావు."
వారం రోజులు మీతో మాట్లాడలేదు నేను.
రిజిస్టర్లో ఇప్పటికీ రెండూ ముప్పావే.

హుద్‌హుద్ మా గది రేకులు లేపుకుపోయిన మర్నాడు
కరెంటు లేదు, బస్సుల్లేవు, రోడ్డంతా చెట్లు.
అంత దూరం నడిచొచ్చారు,
చొక్కా లోపల పాలిథీన్ సంచి, అందులో రిజిస్టరు.
అంటే గాలి మొదలవక ముందే వచ్చి తీసుకెళ్ళారన్నమాట.
ఎనిమిది రాడ్లు పోయాయి. వాటి సంగతి అడగలేదు మీరు.
ఆ రోజు గాలి గడిలో మీ రాత:
"ఎక్కువ."

కార్తీకం నెల్లాళ్ళూ నీసు ముట్టరు.
అయినా వచ్చేవారు.
గాలం విప్పేసి ఉత్త సీసం గుండు విసిరేవారు.
ఇదేం వేటండీ అని కొత్త కుర్రాడు నవ్వితే
"చేప మర్చిపోదు. చెయ్యి మర్చిపోతాది."

కేజీహెచ్‌లో చివరి రాత్రి
"పోటు మొదలైందా?" అని అడిగారట నర్సుని.
నొప్పనుకుని
ఆవిడ ఇంజక్షన్ ఇచ్చింది.

మొన్న ఆదివారం పందొమ్మిది మందిమి వెళ్ళాం.
కార్తీకం కాదు.
ముందు సత్తార్ విప్పాడు గాలం. అతని చేతులు చూసి
పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు.
సీసం గుండ్లు నీళ్ళలో పడ్డాయి, ఒకేసారి కాదు,
వాన మొదటి చినుకులు రేకు మీద పడ్డట్టు
అక్కడొకటి, ఇక్కడొకటి.
మీ నల్లరాయి మీద ఎవరం నిలబడలేదు.
అల తీసినప్పుడు కనబడింది, వచ్చినప్పుడు లేదు.

ఏడు దాటాక నా తంగూసు లాగింది.
గాలం లేని తంగూసు, దాలినాయుడు గారూ,
గట్టిగా, రెండుసార్లు.
కర్ర వంగడం సత్తార్ కూడా చూశాడు.
మీరేనని రాయాలనిపించింది.
చుట్టి చూస్తే పాచి. సీసానికి పట్టుకుని
చారెడు పచ్చటి పాచి, దాన్లో గోరంత పీత.

చెయ్యి బరువు తీసేసి
చేప గడిలో "పాచి" అని రాశాను.
గాలి, మామూలు. పోటు, ఏడుంబావుకి.
పీతని రాతి సందులోకి దించాను గానీ
ఏడో గడిలో
ఇంకా ఏమీ రాయలేదు.