కర్ర పట్టేవాడు

పాకాల జంక్షన్ పసుపు బోర్డు మీద
ఊరి పేరు కింద, చిన్న అక్షరాల్లో,
సముద్రం మనకు ఎంత లోతున ఉందో రాసుంటుంది.
రైలు కోసం నిలబడ్డవాళ్ళెవరూ చదవరు.
మేం అక్కణ్ణించే మొదలుపెట్టాం,
చెంగల్రాయులు సారూ, నేనూ,
మూడుకాళ్ళ స్టాండూ, గొడుగూ,
నాలుగు మీటర్ల కర్రా.

చిలకమ్మగుట్ట ఎత్తు
పాత పటంలో ఒకటి, అటవీశాఖ ఫైల్లో ఇంకొకటి.
రెండిటికీ మధ్య ఒక మనిషి నిలువు తేడా.
ఆ మనిషి ఉన్నాడో లేడో తేల్చుకు రమ్మన్నారు.

నా పని కర్ర పట్టడం.
సారు చెయ్యెత్తితే
దాన్ని నావైపుకీ ఆయనవైపుకీ మెల్లగా ఊపాలి,
నిద్రపోయీపోని బిడ్డను ఊపినట్టు.
ఆ ఊపులో అన్నిటికన్నా తక్కువ కనబడిన అంకెనే రాసుకుంటాడు.
"ఒరిగినప్పుడే రా కర్ర ఎక్కువ చెప్పేది.
నిటారుగా ఉంటే ఉన్నంతే చెప్తుంది."
ఇరవై రెండేళ్ళ కొలువులో
ఆయన నాకు చెప్పిన వేదాంతం ఇదొక్కటే.
మిగతావన్నీ తిట్లు.

వెనకచూపు, ముందుచూపు.
నలభై అడుగులు వెనక, నలభై అడుగులు ముందు.
మామిడి తోపుల్లోంచి,
బెల్లం కాగుతున్న గానుగ పొగలోంచి,
ఎవరిదో శెనక్కాయ చేను గట్టు మీదుగా,
కుక్క ఒకటి మమ్మల్ని రెండు మైళ్ళు నమ్మింది.
పొద్దెక్కితే నేలమీది గాలి ఉడికి
కర్ర మీది అంకెలు నీళ్ళలో చేపల్లా ఆడతాయి.
అప్పుడు సంగటి మూట విప్పుకుని
కొండ కుదురుకునే దాకా కూర్చుంటాం.

మూడో రోజు బండల్లో మేకలు, వాటెనక కన్నెమ్మ.
"ఏం కొలస్తాండారు సామీ?"
"కొండ ఎంతెత్తుండాదో."
"యాణ్ణించి?"
"సముద్రం కాణ్ణించి."
ఆమె తూర్పుకు చూసింది. మళ్ళీ మావైపు.
"అది ఈడికి రాదు గదా" అనింది.
ఆమె లెక్కలో ఈ గుట్ట ఒక ఆకువక్క ఎత్తు.
కింద నోట్లో వేసుకుంటే కొనకెక్కి ఊసెయ్యాల.
ఎండాకాలమైతే ఒకటిన్నర.

కొన మీద రాళ్ళ కుప్ప.
సారు దాన్ని కొండగా ఒప్పుకోడు,
మనిషి పేర్చింది లెక్కలోకి రాదంటాడు.
ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను.
అడుగున పుట్టుబండ తేలింది,
ఎన్నేళ్ళుగానో ఎండ తగలక చల్లగా.
దాని నెత్తిన కర్ర నిలబెట్టి ఊపాను.
ఏడొందల పద్నాలుగు మీటర్ల ముప్పై ఆరు సెంటీమీటర్లు.
పాత పటం కన్నా మోకాలెత్తు ఎక్కువ.
గాలి గొడుగును లాక్కుపోతుంటే
దాని సంచిలో ఒక రాయి వేసి బరువు కట్టాను.
పనయ్యాక కుప్ప మళ్ళీ పేర్చాను.

మొదలుపెట్టిన చోటికే వచ్చి ముగించాలి, అది రూలు.
పసుపు బోర్డు దగ్గర
పదకొండు మిల్లీమీటర్లు కలవలేదు.
"పర్లేదులే, పుస్తకం ఒప్పుకుంటుంది" అని
సారు రెండు టీలు చెప్పాడు.
గొడుగు సంచి బెంచీ మీద పెడితే
టక్కుమనింది.

ఆదివారం ఒక్కణ్ణే ఎక్కాను, కర్ర లేకుండా.
కుప్ప దగ్గర కన్నెమ్మ వేళ్ళు మడుస్తా ఉంది.
"నలభై ఆరుండాల. నలభై అయిదే ఉండాయి."
చిరుత ఎత్తుకపోయిన ఒక్కో పిల్లకూ ఒక్కో రాయంట.
నా చేతిలోది తీసుకుని, తిప్పి చూసి,
"చుక్కదాని రాయి ఇది" అని
దాని చోటేదో వెతికి పెట్టింది.
పర్లేదు అనలేదు.
కొంగులోంచి ఇంకోటి తీసింది,
శుక్రవారం రాత్రిది.

ఆమె ఇచ్చిన ఆకువక్క నములుతూ దిగాను.
దిగేదానికి సగమే పట్టింది.
ఈ తేడాను ఏ కాలంలో రాయాలో
సారునడగాలి.