చూసింది రాయి

మొదటి రోజు కాగితం మీద
"కోపంతో చెయ్యి కొరుక్కున్నాడు" అని రాశాను.
థోర్డిస్ పెన్ను తీసి కోపాన్ని కొట్టేసింది.
"కోపం ఏ రంగులో ఉంది? ఎన్ని అంగుళాలుంది?
నువ్వు చూసింది రాయి.
ముందు ఏమైంది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది.
మూడు గళ్లు. నాలుగోది లేదు."

అకురేరిలో జనవరి.
పదకొండు దాటితే గానీ తెల్లారదు,
తెల్లారిన కాసేపటికే పొద్దు సర్దుకుంటుంది.
బడి వరండా నిండా తడి బూట్ల వాసన.
హ్యోర్వార్‌కి తొమ్మిదేళ్లు. మాటలు లేవు.
నా జేబులో నిమ్మకాయంత లెక్కమిషను,
బొటనవేలు నొక్కితే టిక్కుమంటుంది.
సోమవారం నలభై ఒకటి.
మంగళవారం ముప్పై ఎనిమిది.
బుధవారం మంచుతుఫాను, పిల్లల్ని బయటికి వదల్లేదు.
రెండు.

ఆ రెండు దగ్గర ఆగిపోయాను.

గళ్లన్నీ వెనక్కి చదివాను, బియ్యంలో రాళ్లేరినట్టు.
ముందు: మంచుకోటు, జిప్పు గడ్డం దాకా.
తర్వాత: "సర్లే, నువ్వు లోపలే ఉండు."
మొండి అన్నారు టీచర్లు,
పుట్టుకతోనే అంతన్నది వంటావిడ.
వాడు మాత్రం ఏడాదిగా ఒకే వాక్యం చెబుతున్నాడు,
పళ్లతో, మణికట్టు మీద.

పళ్లకి బదులు మేం వాడికి
అరచేతిలో పట్టే పసుపు అట్టముక్క ఇచ్చాం: ఆపు.
అట్ట ఇస్తే జిప్పు ఆగాలి. జిప్పు ఎవరి చేతిలో ఉన్నా సరే.
గురువారం అరవై రెండు సార్లు ఇచ్చాడు.
జిప్పుకిచ్చాడు, కూడికలకిచ్చాడు, చేపల కూరకిచ్చాడు,
నేను నోరు తెరిస్తే నా నోటికిచ్చాడు.
అరవై రెండు సార్లూ ఆగాం.
చెల్లుతుందో లేదో చూసుకుంటున్నాడు,
కొత్త నోటుని వెలుతురుకి పట్టినట్టు.

కోటు మెడకి గరుకు ఉన్నిపట్టీ ఉందని
కనిపెట్టింది వాళ్లమ్మ సోల్వేయ్.
ఒక రాత్రి కూర్చుని అది కత్తిరించి నూలుగుడ్డ కుట్టింది.
ఇది ఏ పాఠ్యపుస్తకంలో ఏ పేజీలో ఉందని నన్నడక్కండి.

గ్రాఫు దిగింది. హెడ్మాస్టరుకి నచ్చింది.
నచ్చినవాళ్లు ఇంకోటి అడుగుతారు.
"ఆ చేతులు రెక్కల్లా ఆడించడం, అదీ తగ్గించండి."
ఎవరికి దెబ్బ తగులుతోందండీ?
"అంటే, చూడ్డానికి..."
ఆ గడి ఖాళీగానే ఉంచాను.

ఎందుకంటే పన్నెండేళ్ల కిందట, వేరే ఊళ్లో,
ఒక పాప గడ్డం పట్టుకున్నదాన్ని నేను.
నన్ను చూడు. ఎండుద్రాక్ష.
నన్ను చూడు. ఎండుద్రాక్ష.
తొంభై నాలుగు శాతం.
గీత నిచ్చెనెక్కింది, సమావేశంలో చప్పట్లు.
ఆ పాప నా కళ్లలోకి ఎలా చూసిందో
చూశాను.
రాయలేదు.

మార్చి చివర్న వారానికోసారే వెళ్తున్నాను.
నేను అక్కర్లేకపోవడమే నా పనికి గుర్తింపు,
దానికే జీతమిస్తారు, నవ్వొస్తుంది.

ఈ ఊళ్లో ఎర్రలైటు గుండె ఆకారంలో వెలుగుతుంది.
రోడ్డు దాటేచోట హ్యోర్వార్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు,
జిప్పు గడ్డం దాకా, చేతులు రెండూ గాల్లో.
పచ్చ పడింది. "పద" అన్నాను.
పసుపు అట్ట నా చేతిలో పెట్టాడు.

ఆగాను.
జనం మమ్మల్ని తప్పుకుని దాటిపోయారు.
పచ్చ పోయింది, మళ్లీ గుండె వెలిగింది,
వాడి చేతులు మళ్లీ లేచాయి.

సాయంత్రం కాగితం తీసి
"వాడికి సంతోషం" అని రాశాను.
రాసి,
సంతోషాన్ని కొట్టేశాను.
కొట్టేసిన గీత కింద
అది ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.