గాటు

పంటు దిగి నేరుగా కొట్టుకే వచ్చింది నాగిడి సత్యవేణి.
చెప్పులకింకా వలందర రేవు బురద.
రుమాలు ముడి విప్పి
దాగలి పక్కన పెట్టింది.
వెండి బిళ్ళ. ఎవరో బొటనవేలితో అదిమిన సున్నుండలా
ఒక పక్క ఒదిగి, ఒక పక్క ఉబికి.

"రెండు కాసుల బంగారంలో కూర్చి
లాకెట్టు చెయ్యాలండి ఆచారిగారూ."

అద్దం కంటికి తగిలించుకున్నాను.
ఆడమనిషి మొహం. ముక్కు పక్కకి తిరిగింది గానీ
కన్ను మాత్రం తిన్నగా నన్నే చూస్తోంది,
తూకం దగ్గర కూర్చున్నవాణ్ణి చూసినట్టు.
శిరస్త్రాణం మీద మూడాకులు.
బిళ్ళ తిప్పాను.
చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.
గుడ్లగూబ.

మా అమ్మ ఉంటే పసుపునీళ్ళు చల్లేది.
ఇంటి మీద వాలితే
ఆర్నెల్లు తాళం పెట్టించే పిట్టని
మెళ్ళో వేసుకుంటానంటుందేంటి ఈవిడ!

"ఆళ్ళకది చదువులమ్మ పిట్టంటండి, ఆయ్.
సైప్రస్‌లో నేను చూసుకున్న మామ్మగారికి
కుడిచెయ్యి పడిపోయింది.
వేళ్ళాడాలని రోజూ ఈ బిళ్ళే పట్టించేదాన్ని.
జారిపోయేది.
మంచం కిందకి దూరి తీసి, మళ్ళీ పట్టించేదాన్ని.
నాలుగేళ్ళండి.
ఓ పొద్దుట జారలేదు.
అలా పట్టుకునే, నా చేతిలో పెట్టి
నా వేళ్ళు ఆవిడే మూసింది."

ఇంకేం అడగలేదు నేను. కుంపటి దూరం జరిపాను.
ఇంత ముసలి వెండికి నిప్పు చూపించకూడదు,
పెంకులా పగులుతుంది.
టంకం పనికిరాదు, వెలిగారం పనికిరాదు.
కాసులపేరుకైతే వీపున కొంకి అతికేసి
దండ గుచ్చేస్తాం. అక్కడ బొమ్మలన్నీ ఒక్కలాంటివే,
మొన్న అచ్చు పోసినవే.
దీనికి బంగారపు గోడ విడిగా కాచుకుని
పూర్తిగా చల్లారాక
ఉయ్యాల్లో గుడ్డ సర్దినట్టు
వేలితో అంచు ఒంచుకుంటూ రావాలి.

"అదిగో, ఆ గాటొకటి పూడ్చేయండి," అంది.

పిట్ట నడినెత్తిన ఉలి దెబ్బ.
వెలుగుకి వంచి చూశాను. గాటు లోతంతా తెలుపే.
ఎప్పటి సంతలోనో, ఏ రేవులోనో
లోపల రాగి ఉందేమోనని
ఒకడు అనుమానపడి కొట్టాడు.
వాడి చెయ్యి నాకు తెలుసు.

ఏజెంటుకి కట్టాలని ఆమె నానుతాడు తెచ్చిన రోజు
కొట్టులో ఇంకో ముగ్గురున్నారు, బేరానికి.
గీటురాయి మీద రంగు సరిగానే పడింది.
అయినా కత్తెర తీశాను.
నడిమికి కోసి, లోపల రాగి వెతికి,
లేదని తెలిశాక "మంచిదేలే" అన్నాను.
రెండు ముక్కలూ త్రాసులో పడ్డ చప్పుడుకి
తల వంచుకుని నిలబడింది,
నలుగురి ముందూ మంచిదని తేలిన మనిషి.

పూడ్చలేదు.
ఆ పని నాకు చేతకాదన్నాను. అబద్ధం.

తొమ్మిదో రోజుకి గోడ కుదిరింది.
"ఏ వైపు పైకి రావాలమ్మా?"
"పిట్టేనండి. మా అత్త చూస్తే గోలెట్టేద్ది.
ఎట్టనీండి."

తరుగు రాయలేదు. రాయలేదని చెప్పనూ లేదు.
ఆమె బిల్లు చదివింది,
లాకెట్టు అరచేతిలో కాసేపు ఉంచుకుంది.
"ఇంకోసారి తూకం వేయండి."
వేశాను.
"బిళ్ళ బరువు తీసేసి లెక్కెట్టండి."
తీసేసి లెక్కపెట్టాను.
రేవులో పంటు కూత వేసింది. ఆమె కదల్లేదు.
ముల్లు నిలిచేదాకా
పిట్టా ఆవిడా
రెప్ప వెయ్యలేదు.