బొమ్మ వచ్చింది

ఒజుర్గేతిలో వాన మొదలైతే వారం వదలదు.
జుంబెర్ తడిసిన టోపీ నా కొట్టు బల్లమీద పెట్టి
"మనవరాలి లాప్‌టాప్‌లో ఉంది, మా టీవీలోకి రావాలి" అన్నాడు,
పక్కూరి నుంచి దూడని తోలుకు రమ్మన్నట్టు.

టీవీ పాతది. వీపంతా బూజు,
పదిహేను చిల్లుల నీలం నోరు ఒక్కటే.
లాప్‌టాప్ కొత్తది. దానికున్నది గోటి చీలికంత సందు.
మధ్యవర్తి కావాలి, ఆ మధ్యవర్తికి మరో మధ్యవర్తి.
సంచి నేలమీద కుమ్మరించాను.
ఇది దానికి పట్టదు, అది దీనికి ఎక్కదు,
పట్టినదానికి సూది వంగిపోయింది.
పంటితో సరిచేశాను. మా నాన్న చూసుంటే తిట్టేవాడు.

"సిగ్నల్ లేదు" అంది టీవీ.
"లేదట" అన్నాడు ఓటియా, చూపు ఆనని జుంబెర్‌తో.
మళ్ళీ అంది. మళ్ళీ "లేదట."
పళ్ళెంలో మొక్కజొన్న రొట్టె గట్టిపడుతోంది.

మూడోసారి బొమ్మ వచ్చింది!
ఎవరిదో పెళ్ళి, పొడుగాటి బల్ల, వాల్‌నట్ చెట్టు కింద
భుజాల మీద చేతులేసుకున్న ముగ్గురు.
మధ్యలో సెవారియోన్,
మొన్న ఫిబ్రవరి దాకా ఉన్నవాడు.
నోరు తెరిచాడు. ఏమీ వినబడలేదు.

"నీలం తీగ బొమ్మనే మోస్తుంది, గొంతు మోయదు" అన్నాను.
లాప్‌టాప్ స్పీకరు మీద నిరుడు టీ ఒలికిందట.
"ఇంకో వైరుంది, ఎనిమిది లరీలు, పది నిమిషాల్లో తెస్తా."

జుంబెర్ అప్పటికే తెరకి ముక్కు ఆనించి
తన పాత పెదాలు వెతుక్కుంటున్నాడు.
అందుకున్నాడు, కాస్త వెనకబడి.
ఓటియా అడుగున చేరాడు, బండి కింద రాయిలా.
సెవారియోన్‌ది పై గొంతు.
కోడికూతలా గోడ దూకి వెళ్ళేదని
ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.
అతని వంతు వచ్చినచోట ఇద్దరూ తగ్గారు,
ఇరుకు సందులో ఎదురొచ్చినవాడికి
గోడకి ఒదిగి దారిచ్చినట్టు.
తెరమీద అతని మెడనరాలు బిగిశాయి, వదిలాయి.
వాళ్ళు మళ్ళీ అందుకున్నారు, ఒక్క అక్షరం తప్పకుండా.

నాకు పాట రాదు.
అడాప్టర్ వేడెక్కిందేమోనని తాకి చూశాను.

"ఆ వైరు రేపు తే, ఇవాళొద్దు" అన్నాడు జుంబెర్.

మర్నాడు వెళ్ళాను. వాన.
తలుపు వేసుంది, లోపల పాడుతున్నారు,
మధ్యలో ఆగుతున్నారు.
తట్టలేదు. వైరుని చుట్టచుట్టి
గొళ్ళేనికి తగిలించి వచ్చేశాను.

నెలయింది.
ఎనిమిది లరీలు ఇంకా రాలేదు.