ఆరో గడి

కటక్ నుంచి కాగితం వచ్చింది.
"ఇప్పుడున్న ఐదు పరీక్షలకి తోడు
అరుదైన వైరస్ కోసం ఆరోది కూడా ప్రతి సంచీకీ చెయ్యాలా?
మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో."
గుణుపురం బ్లడ్ బ్యాంకులో వాక్యం రాసేంత తీరిక
కరెంటు పోయినప్పుడే దొరుకుతుంది.
అప్పుడు వెలుతురుండదు.

లెక్క నాకు తెలుసు.
కిట్టు విప్పితే తొంభై ఆరు గుంటలు.
మాకు వారానికి పదకొండు సంచులు,
వరినాట్లప్పుడు నాలుగు.
మిగతా గుంటలు ఎవరి నెత్తురూ చూడకుండానే
గడువు తీరి చెత్తబుట్టలోకి.
ఆ డబ్బుతో జనరేటర్‌కి డీజిలొస్తుంది,
ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చొచ్చు.
ఇప్పుడు దానికి దూదీ ప్లాస్టరే ఆధారం.

పోయినేడు నమూనా కిట్టొకటి పంపారు.
ఇరవై రెండు మార్లు రక్తమిచ్చిన సొంబారు గమాంగో
అందులో పసుప్పచ్చగా తేలాడు.
మళ్ళీ చూడమని కటక్ పంపితే
నలభై మూడు రోజులకి జవాబు:
ఏమీ లేదట. కిట్టు పొరబాటట.
ఆ నలభై మూడు రోజులూ
ఇంట్లో అతని గ్లాసు వేరు, చాప వేరు.
కబురు చెప్పడానికి పుట్టాసింగి కొండెక్కితే
మంచినీళ్ళిచ్చాడు, మొహం చూడలేదు.
మరి కొండ దిగలేదు.

'అక్కర్లేదు' అని రాశాను.
కొట్టేశాను.

వరండా బల్ల మీద జమున కడ్రక.
తొమ్మిదేళ్ళు. తలసేమియా.
మూడు వారాలకో సంచీ చొప్పున
నూట ముప్పై మంది దిగారు ఆ పుల్లలాంటి చేతిలోకి.
పదివేలకొకటి అన్న మాట
ఒక్కసారి ఎక్కించుకుని ఇంటికెళ్ళేవాళ్ళది.
మా వైపు ఆడపిల్లనీ గుంటే అంటాం.
తొంభై ఆరు గుంటలకి లెక్క చెప్పగలను,
ఈ ఒక్క గుంట దగ్గరే తప్పుతోంది.

ఎప్పుడూ అడుగుతుంది:
"ఇయాల ఎవలిది, బాబూ?"
చెప్పకూడదు. నాకు తెలిసిందీ నంబరే.
అయినా చెప్తాను,
పర్లాకిమిడి బస్సు కండక్టరుదని,
కాలేజీ ఫుట్‌బాల్ గోలీదని.
ఓసారి పనసకాయలమ్మే ఆమెదంటే
వారం రోజులు ఒళ్ళు పనస వాసనేసిందంది.

ఈ రోజు కొత్త ప్రశ్న.
"మంచోడేనా?"

"ఐదు మార్లు అడిగాను," అన్నాను,
"ఐదు మార్లూ మంచోడినే అన్నాడు."
తలూపి చెయ్యి చాపింది.
ఆరోది అడగలేదని చెప్పడానికి
నాకు నోరు రాలేదు.

చుక్క పడింది. ఇంకో చుక్క.
కాగితం ఫ్రిజ్ మీద పెట్టాను.
రేపు రాస్తాను, వెలుతురుంటే.